కడుపులో బిడ్డ మెదడు: కోనసీమలో నేను రోజూ వినే అపోహలు

అమలాపురం చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే గర్భిణులను, వాడుతున్నవన్నీ వెంట తెచ్చి చూపించమంటాను. సంచి విప్పితే పుట్టింటివారు కొనిచ్చిన కుంకుమపువ్వు డబ్బా సగం ఖాళీ అయి ఉంటుంది. ఆశా కార్యకర్త ఇచ్చిన ఎర్ర ఐరన్ మాత్రల అట్ట మాత్రం ఇచ్చింది ఇచ్చినట్టే ఉంటుంది.

అపోహ: ఐరన్ మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుంది.

వాస్తవం: నల్లబడేది తల్లి విరేచనమే. బిడ్డ రంగు తల్లిదండ్రుల జన్యువులను బట్టి వస్తుంది, కుంకుమపువ్వు దాన్ని మార్చలేదు. ఐరన్ చేసే పని వేరు. మెదడు కణాలకు శక్తి అందాలన్నా, నరాల చుట్టూ తొడుగులా ఉండే మైలిన్ పొర ఏర్పడాలన్నా అది కావాలి. బిడ్డ తన ఐరన్ నిల్వలో ఎక్కువ భాగం చివరి మూడు నెలల్లోనే తల్లి నుంచి తీసుకుంటుంది. తల్లికే లేకపోతే ఎక్కడి నుంచి తీసుకుంటుంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సగానికి పైగా గర్భిణులకు రక్తహీనత ఉంది, అంటే హిమోగ్లోబిన్ 11 గ్రాముల కన్నా తక్కువ. మన డెల్టాలో తోటకూరకు, గోంగూరకు కొదవ లేదు, కానీ ఆకుకూరల్లోని ఐరన్ ఒంటికి పట్టేది తక్కువ. అందుకే నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులు మాత్ర వేసుకోవాలి. టీతో గానీ కాల్షియం మాత్రతో గానీ కలిపి వేసుకోకూడదు. కడుపులో తిప్పితే రాత్రి భోజనం తర్వాత వేసుకోండి, అంతేగాని మానేయకండి.

అపోహ: మందులన్నీ నెల తప్పాక మొదలుపెడితే చాలు.

వాస్తవం: మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం గర్భం నిలిచిన సుమారు 28 రోజులకే మూసుకుంటుంది. అప్పటికి చాలామంది పరీక్ష కూడా చేయించుకోరు. అందుకే పిల్లలు కావాలనుకున్నవారు కనీసం నెల ముందు నుంచే ఆ నాళం సరిగ్గా మూసుకోవడానికి తోడ్పడే ఫోలిక్ యాసిడ్ రోజూ 400 మైక్రోగ్రాములు వేసుకోవాలి. ఆషాఢం వెళ్లాక కొత్త కోడలికి పెట్టే సారెలో ఈ మాత్రలూ ఉంచమని తల్లులకు చెబుతుంటాను.

అపోహ: రోజూ చేపలు తింటాం, అయోడిన్ ఉప్పు ఎందుకు?

వాస్తవం: గోదావరి చేపల్లో, చెరువు చేపల్లో అయోడిన్ తక్కువే. అయోడిన్ కలపని రాళ్ల ఉప్పులోనూ, ఇప్పుడు అందరూ కొంటున్న సైంధవ లవణంలోనూ చాలినంత ఉండదు. తొలి మూడు నెలలు బిడ్డ మెదడు తల్లి థైరాయిడ్ హార్మోన్ మీదే ఆధారపడుతుంది, దాని తయారీకి అయోడిన్ కావాలి. ఉప్పు ఎక్కువ తినమని కాదు, వాడే ఉప్పు మార్చమంటున్నాను. గర్భం వచ్చిందని థైరాయిడ్ మాత్ర సొంతంగా ఆపేయడం మరీ ప్రమాదం. చాలామందికి అప్పుడే మోతాదు పెంచాల్సి వస్తుంది.

అపోహ: తక్కువ తింటే కాన్పు తేలిక.

వాస్తవం: బిడ్డ బరువు తగ్గి పుడితే కష్టాలు కాన్పుతో తీరవు, అక్కడే మొదలవుతాయి. ఈ సలహా ఇచ్చే పెద్దవాళ్లతో నేను వాదిస్తూనే ఉంటాను.

అపోహ: కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఏడ్చినందుకే బిడ్డకు మాటలు ఆలస్యమయ్యాయి.

వాస్తవం: ఈ నింద నాకు చాలా కోపం తెప్పిస్తుంది. ఒకరోజు ఏడుపుతో, మామూలు భయంతో బిడ్డ మెదడు దెబ్బతినదు. దిగులు రెండు వారాలు దాటినా తగ్గక, నిద్ర, ఆకలి పోతే మాత్రం అది వైద్యం చేయాల్సిన జబ్బు. డాక్టరుకు చెప్పండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. పక్కన భర్త గానీ అత్తగారు గానీ కూర్చుని మాట్లాడిస్తే ఇంకా మంచిది.