రిపోర్టు తేడా వస్తే తప్పు మెషిన్‌దేనా? ల్యాబ్ పనిపై అపోహలు - వాస్తవాలు

అపోహ: మెషిన్ ఇచ్చిన అంకెకు తిరుగులేదు.

వాస్తవం: లోపల పెట్టింది ఎవరి రక్తమో, దాన్ని ఎలా తీశారో మెషిన్‌కు తెలియదు. హైదరాబాద్ ఆసుపత్రి ల్యాబుల్లో ఇన్నేళ్లుగా నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం శాంపిల్ మా బల్ల మీదికి రాకముందే జరిగినవి.

ఒక రాత్రి ఐసీయూ శాంపిల్‌లో పొటాషియం 8 దాటింది. కాల్షియం 4 కూడా లేదు. అదే పేషెంట్‌కు పొద్దున పొటాషియం 4.1. క్యూసీ (విలువ ముందే తెలిసిన శాంపిళ్లతో మెషిన్‌ను పరీక్షించడం) చూస్తే రెండు లెవెల్సూ సరిగ్గానే ఉన్నాయి. రిపోర్టు ఆపి వార్డుకు ఫోన్ చేశాను. "ఎర్ర మూత ట్యూబులో బ్లడ్ తక్కువ పడింది మేడమ్, ఊదా మూత దాంట్లోంచి కొంచెం కలిపాను" అంది సిస్టర్. ఊదా మూత ట్యూబులో గడ్డకట్టకుండా వేసేదే పొటాషియం ఈడీటీఏ. అది పొటాషియంను పెంచేస్తుంది, కాల్షియంను పట్టేసుకుంటుంది. మళ్లీ తీయిస్తే పొటాషియం 4.3 వచ్చింది. ఆ సిస్టర్‌ను నేనేమీ అనలేదు. ఎందుకు కలపకూడదో ఆమెకు అంతవరకు ఎవరూ చెప్పలేదు.

అపోహ: పొద్దున క్యూసీ పాసైతే ఇక టెన్షన్ లేదు.

వాస్తవం: క్యూసీ చెప్పేది మెషిన్ సంగతే, శాంపిల్ సంగతి కాదు. ఆ రాత్రి మమ్మల్ని ఆపింది డెల్టా చెక్, అంటే పాత రిపోర్టుతో పోల్చి చూడడం.

అపోహ: లేబుళ్లు ముందే అంటించుకుంటే పని తొందరగా అవుతుంది.

వాస్తవం: ఒకే వార్డులో ఇద్దరు లక్ష్ములు ఉండడం మన దగ్గర మామూలే. "మీరు లక్ష్మేనా?" అని అడిగితే మగతలో ఉన్న మనిషి దేనికైనా ఊఁ అంటుంది. "మీ పేరేంటమ్మా?" అని ఆమె నోటితోనే చెప్పించాలి, చేతి పట్టీ మీది ఐపీ నంబర్‌తో (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబర్) సరిచూడాలి, రక్తం తీశాక మంచం పక్కనే లేబుల్ అంటించాలి. బార్‌కోడ్ ఉంది కదా అంటారు. తప్పు ట్యూబుకు అంటిస్తే బార్‌కోడ్ కూడా తప్పే చదివిస్తుంది.

అపోహ: ఆలస్యమైతే ట్యూబును ఫ్రిజ్‌లో పెడితే చాలు.

వాస్తవం: సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) వేరు చేయని రక్తాన్ని ఫ్రిజ్‌లో పెడితే కణాల్లోని పొటాషియం బయటికి వచ్చేసి, రిపోర్టులో లేనంత ఎక్కువ చూపిస్తుంది.

అపోహ: శాంపిల్ వెనక్కి పంపడం ల్యాబ్ వాళ్ల బద్ధకం.

వాస్తవం: నీలం మూత ట్యూబులో 1 వంతు సిట్రేట్‌కు (రక్తం గడ్డకట్టకుండా వేసే మందు) 9 వంతుల రక్తం ఉండాలి. సగమే నిండితే పీటీ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం చూసే టెస్టు) లేనిపోని ఆలస్యం చూపిస్తుంది. దాన్ని నమ్మి మందు మార్చేస్తే ఎలా? అందుకే వెనక్కి పంపుతాం. ఎర్ర మూత ట్యూబులో తక్కువ పడితే మాత్రం దయచేసి ఏమీ కలపకండి. ఫోన్ చేసి ఏ టెస్టు అర్జెంటో చెప్పండి, ఉన్నదాంట్లో ముందు అది చేసిస్తాం.