జామాయిల్ తోట అడవేనా?

చిరంజీవులు సిరికి, వంశీకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న పండుగకు వచ్చినప్పుడు భద్రాచలం దారిలో బారులు తీరిన జామాయిల్ (యూకలిప్టస్) తోటలు చూసి "ఇది అడవేనా తాతయ్యా?" అని అడిగారు. ఆ బస్సు హోరులో సరిగా చెప్పలేకపోయాను.

అది అడవి కాదు, పంట. వరిలాగే నాటుతారు, కోస్తారు. కోతకు నాలుగైదేళ్లు పడుతుంది. చెట్లన్నీ కొలిచినట్టు ఒకే తీరుగా ఉన్నాయి కదా? మేలైన చెట్టు కొమ్మ ముక్కలకు నర్సరీలో వేళ్లు పుట్టించి పెంచిన క్లోన్లు, అంటే తల్లి చెట్టుకు నకళ్లు, అవి. నరికాక మోడు నుంచి పిలకలు లేస్తాయి. బలమైన ఒకటి రెండు ఉంచి మిగతావి తీసేస్తారు. పట్ట ఒలిచిన కర్ర టన్నుల లెక్కన భద్రాచలం దగ్గరి సారపాక కాగితం మిల్లుకు వెళ్తుంది.

ఇక ఇలాంటి తోటలకు ఇచ్చే కార్బన్ క్రెడిట్ సంగతి. ఎండిన కర్ర బరువులో దాదాపు సగం కార్బనే. అంటే టన్ను ఎండు కర్ర తయారు కావడానికి చెట్టు గాలి నుంచి సుమారు 1.8 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. తోట వేయడం వల్ల అదనంగా జరిగిన మేలు ఎంతో లెక్కకట్టి, టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు ఒక క్రెడిట్ ఇస్తారు. పొగ వదిలే వాళ్లు దాన్ని కొని తమ ఖాతాలో జమ వేసుకుంటారు. మన ఖమ్మం జిల్లాలోనే ఐటీసీ కంపెనీ సామాజిక వనాల పథకం 2009లో, ఇలాంటి క్రెడిట్లు ఇచ్చే ఐక్యరాజ్యసమితి ఏర్పాటైన క్లీన్ డెవలప్‌మెంట్ మెకానిజంలో నమోదైంది. అక్కడ నియమాలు గట్టిగా ఉండేవి: తిరిగి చెట్లు పెంచే నేల 1989 చివరికి అడవి లేనిదై ఉండాలి. ఉన్న అడవిని కొట్టి తోట వేస్తే చెల్లేది కాదు. పైగా వనాల క్రెడిట్లకు గడువు ఉండేది, ఎందుకంటే చెట్టు కొట్టి కాగితం చేసి, ఆ కాగితం కాల్చితే కార్బన్ మళ్లీ గాలిలోకే పోతుంది.

మన పాత ఇంటి టేకు దూలం చూశారుగా? మా తాత వేయించినది. అది పీల్చుకున్న కార్బన్ ఇంకా మన తలల మీదే ఉంది! కర్రను ఎంతకాలం నిలుపుతామన్నది అందుకే నాకు ముఖ్యం.

మట్టి కొట్టుకుపోయిన చవుడు నేలలో జామాయిల్ వేసి రైతు నాలుగు రూపాయలు చూస్తే నాకు సంతోషమే. ఇప్ప, తునికి, మద్ది నిలిచిన చోట మాత్రం ఒప్పుకోను. ఇప్పపువ్వు, తునికాకు ఏరుకుని బతికే వారికి ఏ క్లోనూ వాటిని ఇవ్వజాలదు.

వేసవిలో రండి. కొత్తగా నరికిన మోళ్లకు పిలకలు వచ్చి ఉంటాయి, దగ్గరగా చూపిస్తాను. కొలటేపు తెచ్చుకోండి.

మీ తాతయ్య