వేరే జాతి బిడ్డను మోసే తల్లి: అపోహలు - వాస్తవాలు

పశువుల్లో పిండ మార్పిడి నా పని. మేలు జాతి ఆవు పిండాన్ని ఇంకో ఆవులో పెట్టి, చూడి నిలిచిందో లేదో చూసి, ఈనేదాకా కనిపెట్టుకుని ఉంటాను. ఆ మాట చెప్పగానే చాలామంది అడుగుతారు: "అయితే ఆవు కడుపున ఏ జంతువునైనా పుట్టించొచ్చా?" ఆ ప్రశ్న వెనక ఉన్న అపోహల గురించే ఇది.

అపోహ: గర్భసంచి ఒక సంచి లాంటిదే. ఏ పిండాన్ని పెట్టినా పెరుగుతుంది.

పేరులోనే సంచి ఉంది కాబట్టి అలా అనిపిస్తుంది. కానీ ఆవు పిండాన్ని ఆవులో పెట్టడానికే మాకు టెన్షన్. ఏడు రోజుల పిండాన్ని, ఎదకు వచ్చి ఏడు రోజులైన ఆవులోనే పెడతాం. రెండు మూడు రోజులు అటూ ఇటూ అయితే చూడి నిలవడం కష్టం. పదహారో రోజు దగ్గరికి వచ్చేసరికి పిండం ఇంటర్‌ఫెరాన్ టావ్ అనే ప్రొటీన్ వదిలి, తాను ఉన్నానని తల్లికి కబురు పెట్టాలి. అది అందకపోతే ఆవు మళ్లీ ఎదకు వస్తుంది. మనుషుల్లో ఇదే కబురు హెచ్‌సీజీ అనే హార్మోన్ మోస్తుంది. మాయ, అంటే తల్లినీ పిండాన్నీ కలిపే భాగం, అది కూడా వేరు. మనిషి మాయ తల్లి రక్తంలో నేరుగా మునిగి ఉంటుంది. ఆవు మాయ గర్భసంచి గోడకు గుండీలు పెట్టినట్టు అక్కడక్కడా అతుక్కుని ఉంటుంది. ఇద్దరూ మోసేది తొమ్మిది నెలలే కదా అంటారు. రోజుల లెక్క కలిస్తే సరిపోదు.

అపోహ: దగ్గరి జాతులైతే ఏ ఇబ్బందీ ఉండదు.

గుర్రాన్నీ గాడిదనూ చూడండి. ఆడ గుర్రం కంచరగాడిదను హాయిగా మోసి ఈనుతుంది. గాడిద కడుపులో గుర్రం పిండం కూడా పెరుగుతుంది. అదే ఆడ గుర్రంలో అచ్చమైన గాడిద పిండం పెడితే, ఎక్కువసార్లు 80 నుంచి 100 రోజుల మధ్య ఈసుకుపోతుంది, అంటే గర్భం పోతుంది. గుర్రాల్లో ఐదారు వారాలకు పిండం వైపు నుంచి కొన్ని కణాలు తల్లి గర్భసంచి పొరలోకి దిగి, చిన్న గిన్నెల్లాంటివి కడతాయి. గాడిద పిండం గుర్రంలో వాటిని కట్టలేదు. ఇంత దగ్గరి చుట్టాల మధ్య ఒక వైపు దారి ఉండి, రెండో వైపు లేకపోవడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

చిక్కంతా మాయ దగ్గరే అని ఎలుకల్లో 1980లలో బాగా తెలిసింది. మస్ కరోలీ అనే అడవి ఎలుక పిండాలు ల్యాబ్ ఎలుకలో నిలవవు. శాస్త్రవేత్త జానెట్ రాసెంట్ బృందం ఆ పిండం లోపలి కణాలను తీసి, ల్యాబ్ ఎలుక పిండం బయటి పొరలో పెట్టింది. ఆ బయటి పొరే మాయ అవుతుంది. అప్పుడు పిల్లలు పుట్టాయి.

అపోహ: మోసిన తల్లి పోలికలు పిల్లకు వస్తాయి.

మోసినంత మాత్రాన జన్యువులు రావు. జన్యువులు పిండంతోనే వస్తాయి. అయితే క్లోనింగ్‌లో, అంటే ఒక జంతువు కణం నుంచి దాని నకలును పుట్టించడంలో, వేరే జాతి అండం వాడితే, ఆ అండంలోని మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే, సొంత జన్యువులు కొన్ని ఉన్న భాగాలు) పిల్లకు వస్తుంది.

అపోహ: ఒకటి పుట్టిందంటే పద్ధతి దొరికినట్టే.

2001 జనవరిలో అమెరికాలో ఒక ఆవు అడవిదున్న దూడను ఈనింది. ఆ క్లోన్‌కు నోవా అని పేరు పెట్టారు. 692 అండాలతో మొదలైన పని అది, పుట్టింది ఒక్కటే. రెండు రోజుల్లో విరేచనాల జబ్బుతో చనిపోయింది. 2003లో స్పెయిన్‌లో, అంతరించిపోయిన పిరెనీస్ కొండమేక క్లోన్ పుట్టి, ఊపిరితిత్తుల లోపంతో నిమిషాల్లోనే పోయింది. వార్తల్లో పుట్టిన పిల్ల ఫొటో వస్తుంది. చూడి కట్టి ఈసుకుపోయిన తల్లులు, మాయ పడక జ్వరంతో పడుకున్న తల్లులు, దూడ మరీ పెద్దదై ఈనలేక అవస్థపడిన తల్లులు ఆ ఫొటోలో ఉండరు. క్లోన్ దూడల్లో ఈ సమస్యలు మామూలు దూడలకన్నా ఎక్కువ. ఎన్ని పుట్టాయని అడిగే ముందు ఎన్ని తల్లులను వాడారు, వాటికి ఏమైంది అని అడగాలని నా పట్టుదల. ఆవు ఒప్పుకోదు, కాదనదు. దాని తరఫున లెక్క అడగాల్సింది మనమే.

అపోహ: అంతరించే జాతి కోసం కాబట్టి ఏం చేసినా తప్పులేదు.

కొన్నిచోట్ల నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. ముంగిసలా కనిపించే నల్లకాళ్ల ఫెరెట్‌కు 1988లో దాచిన కణాల నుంచి 2020 డిసెంబరులో ఎలిజబెత్ ఆన్ అనే క్లోన్ పుట్టింది. మోసింది పెంపుడు ఫెరెట్. పెంపుడు ఫెరెట్లకు కొరత లేదు, చూడి కాలం ఆరు వారాలే. ఉత్తర తెల్ల ఖడ్గమృగాలు రెండే మిగిలాయి, రెండూ ఆడవే. వాటి పిండాలను దక్షిణ తెల్ల ఖడ్గమృగంలో పెట్టే ప్రయత్నమూ నాకు సబబే అనిపిస్తుంది. ఎప్పుడో అంతరించిన వెంట్రుకల ఏనుగు మామత్ కోసం ఆసియా ఏనుగును వాడాలన్న ఆలోచన దగ్గర మాత్రం ఆగిపోతాను. ఏనుగు దాదాపు 22 నెలలు మోస్తుంది. ఆసియా ఏనుగే ప్రమాదంలో ఉంది. ఆ 22 నెలల్లో అది తన గున్నను మోయాలి కదా.

అపోహ: మనిషి బిడ్డను జంతువులో పెంచే ల్యాబ్‌లు ఎక్కడో రహస్యంగా ఉన్నాయి.

పైన చెప్పిన మాయ సంగతే దీనికీ జవాబు. చట్టాలూ ఒప్పుకోవు. మానవ పిండాన్ని జంతువులో పెట్టడాన్ని బ్రిటన్ 1990 చట్టం, భారత్ 2021 ఏఆర్‌టీ (సంతాన సాఫల్య చికిత్సల) చట్టం నిషేధించాయి.

అపోహ: పిల్ల బతికితే పని అయిపోయినట్టే.

2020 ఆగస్టులో ఒక పెంపుడు గుర్రం, ప్రెవాల్‌స్కీ అడవి గుర్రం క్లోన్‌ను ఈనింది. పేరు కర్ట్. 1980లో దాచిన కణాల నుంచి వచ్చిన పిల్ల అది. ఆరోగ్యంగా పెరిగింది. కానీ తన జాతి గుర్రాలు ఎలా పలకరించుకుంటాయో, మందలో ఎవరికి ఎలా తలొగ్గాలో పెంచిన తల్లి నేర్పలేదు. అందుకే అమెరికాలోని శాన్ డియాగో జూలో దాన్ని, తనకన్నా కొన్ని నెలలు పెద్దదైన ప్రెవాల్‌స్కీ ఆడపిల్లతో కలిపి ఉంచారు.