గీరకు పట్టా ఎక్కించిన రోజు

వరంగల్ నుంచి మేడారం దాదాపు 100 కిలోమీటర్లు. ఎద్దులు గంటకు మూడు, నాలుగు కిలోమీటర్లు నడుస్తాయి. అంటే జాతరకు బండి కడితే నాలుగు రోజుల దారి. వంటసామాను, ఎడ్లకు చొప్ప, పిల్లాజెల్లా అంతా బండిలోనే. తాడ్వాయి అడవిలో రాళ్లూ వాగులూ దాటుతుంటే ఆ కట్టెగీర, అంటే బండి చక్రం, విడిపోకుండా పట్టి ఉంచింది ఏమిటి? మేకులు కావు, వేడి.

గీర ఒకే చెక్క కాదు. నడుమ ఇరుసు దూరే కుండ, అందులో దిగేసిన ఆకులనే కమ్మీలు, ఆకుల కొసల మీద అంచుగా అమర్చిన వంపు చెక్కలు, అవే పూటీలు. వడ్లాయన నల్లతుమ్మ కట్టెను చెక్కి కూర్చేవాడు. కమ్మరాయన ఇనుప పట్టాను గుండ్రంగా వంచి, గీర చుట్టుకొలత కంటే కాస్త చిన్నగా అతికేవాడు. కావాలనే అలా చేసేవాడు.

చిన్నప్పుడు మా ఊర్లో చూశాను. పట్టా చుట్టూ పిడకలు పేర్చి నిప్పు పెట్టారు. అది ఎర్రబడ్డాక ముగ్గురు పట్టకార్లతో ఎత్తి గీర మీదికి దించారు. పూటీలు భగ్గున అంటుకున్నాయి. వెంటనే బిందెలతో నీళ్లు పోశారు. పొగలో నుంచి కట్టె కిర్రుమన్న చప్పుడు వినిపించింది.

ఐదడుగుల గీర చుట్టుకొలత సుమారు 4.8 మీటర్లు. వేడి 600 డిగ్రీలు పెరిగితే అంత పొడవు ఇనుము కనీసం మూడున్నర సెంటీమీటర్లు సాగుతుంది. అందుకే చిన్న పట్టా పెద్ద గీరకు పట్టింది. చల్లారేటప్పుడు ముడుచుకుంటూ పూటీలను ఆకుల మీదికి, ఆకులను కుండలోకి నొక్కేస్తుంది. లెక్క కాగితం మీద లేకపోయినా కమ్మరాయన చేతిలో ఉంది. ఆ చదువును మనం చదువుగా గుర్తించలేదనే నా బాధ.

ఎండాకాలం కట్టె ఎండి సన్నబడితే పట్టా వదులయ్యేది. అప్పుడు గీరలు తీసి చెరువులో నానేసేవాళ్లు. కట్టె ఉబ్బి మళ్లీ బిగిసేది. ఇరుసుకు, కాల్చిన వరిగడ్డి మసిని ఆముదంలో కలిపిన కందెన రాసేవాళ్లు. మసి కలిస్తే నూనె చిక్కబడి తొందరగా కారిపోదు.

నిజాం కాలంలో 1932లో 27 బస్సులతో ప్రభుత్వ రవాణా మొదలైనా, పల్లెల్లో మాత్రం చాలా ఏళ్లు బండే నడిచింది. తర్వాత రబ్బరు టైర్ల బండ్లు వచ్చాయి. గీర చిన్నదైంది, పట్టా అవసరం పోయింది, దాంతో వడ్లాయన, కమ్మరాయన ఇద్దరి పనీ పోయింది.

మా బావి గట్టు మీద పాత పట్టా ఒకటి ఇంకా ఉంది. వెల్డింగు లేని రోజుల్లో కొలిమిలో కాల్చి, సుత్తితో కొట్టి కలిపిన అతుకు దాని మీద ఒక చోట వేలికి తగులుతుంది.