మీ ముత్తాత ఖాకీ సంచి

చిరంజీవులు అబ్బయ్యకు, అమ్మణ్ణికి,

అవ్వ దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

మొన్న అటక మీద నుంచి దించిన ఖాకీ సంచి చూసి "ఇదెవరిది అవ్వా?" అని అడిగారు. పొయ్యి దగ్గర పనిలో ఉండి "మీ ముత్తాతది" అని ఊరుకున్నాను. రాత్రి పడుకున్నాక, అంతేనా చెప్పేది అనిపించింది. అందుకే ఈ ఉత్తరం.

మా నాయన పోస్ట్‌మ్యాన్. 1957లో చేరి 1994లో రిటైరయ్యాడు. కందుకూరు చుట్టుపక్కల పల్లెలు ఆయన బీటు. ఆయన పుట్టిన నాడు కందుకూరు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970లో కొత్తగా పెట్టిన ఒంగోలు జిల్లాలోకి పోయింది, 1972లో ఆ జిల్లాకే ప్రకాశం పేరు పెట్టారు. 2022లో మళ్లీ నెల్లూరులో కలిపారు. మా ఇల్లు మాత్రం ఉన్నచోటే ఉంది. కందుకూరు పిన్‌కోడు 523105.

ఈ పిన్‌కోడు 1972 ఆగస్టు 15న వచ్చింది. అంతకుముందు నాయన పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. కొత్తపాలెం, కొత్తపల్లి అనే ఊళ్లు ఎన్నెన్ని ఉన్నాయో! తాలూకా పేరు రాయని కార్డు ఊరూరా తిరిగి, వంటినిండా ముద్రలు వేయించుకుని ఎప్పటికో చేరేది. మొదటి అంకె 5 ఉంటే మన తెలుగు ప్రాంతం, కర్ణాటక. మొదటి మూడంకెలు ఉత్తరాలు వేరుచేసే జిల్లాను చెబుతాయి, ప్రకాశానికి 523, నెల్లూరుకు 524. చివరి మూడూ పోస్టాఫీసు. నాకు ఎక్కాలతో పాటు ఇదీ వల్లె వేయించాడు.

వానాకాలం మన్నేరు పొంగితే సైకిలు ఇవతల ఎవరింట్లోనో పెట్టి, సంచిని యూరియా గోతంలో చుట్టి నెత్తిన పెట్టుకుని నడుములోతు నీళ్లు దాటేవాడు. తాను తడిసినా సరే, సంచిలో చెమ్మ తగలకూడదు.

మనియార్డరు సంగతి మీకు తెలియదు. 2015లో ఆ పాత పద్ధతి ఆపేశారు. మద్రాసులో పనికిపోయిన కొడుకు అక్కడి పోస్టాఫీసులో డబ్బు కడితే, ఇక్కడ పోస్ట్‌మ్యాన్ ఇంటికెళ్లి తల్లి చేతిలో పెట్టేవాడు. ఫారం అడుగున చిన్న కూపన్ ఉండేది, రెండు మూడు మాటలు రాసుకోవడానికి. బడికి సెలవులిచ్చినప్పుడు నాయన నన్ను సైకిలు మీద ముందు కూర్చోబెట్టుకుని పోయేవాడు. ఒకామె ఇంటి ముందు ఏం చేశాడో నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ముందు డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. ఆమెతోనూ ఒకసారి లెక్కపెట్టించాడు. పక్కింటాయన్ను సాక్షికి పిలిచి వేలిముద్ర వేయించాడు. చివర్న కూపన్ చదివాడు: "అమ్మా, పండక్కి రాలేను, చీర కొనుక్కో." ఆమె ఏమీ అనలేదు. "ఇంకోసారి చదువు నాయనా" అంది. చదివాడు. మూడోసారీ చదివాడు. ఎండలో ఇంకా నాలుగూళ్లు తిరగాలి, అయినా తొందరపెట్టలేదు.

అలా చదివిన మాటలెన్నో! ఏ ఇంట్లో అప్పులున్నాయో, ఎవరి బిడ్డ పుట్టింటికి రావడం లేదో అన్నీ ఆయనకు తెలుసు. ఒక్కటీ మా అమ్మకైనా చెప్పలేదు. నాయనలో నాకు అన్నిటికన్నా పెద్దగా కనిపించేది అదే.

ఇంటికొస్తే మళ్లీ పనే. తెల్లారుజామున నాలుక్కే లేచి గేదె పాలు పితికేది ఆయనే, అమ్మకు మోకాళ్ల నొప్పులని. మేం నలుగురం. ఫీజులు కట్టడానికి తన చొక్కాలకు మాసికలు వేసుకున్నాడే గానీ, ఆడపిల్లలకు చదువెందుకు అన్న చుట్టాల మాట ఏనాడూ చెవిన పెట్టలేదు.

నేను పెళ్లయి నెల్లూరొచ్చాక నెలకో కార్డు రాసేవాడు, అప్పట్లో పదిహేను పైసలు. అందులో పెద్ద విశేషాలేం ఉండవు. గేదె ఈనింది, పెయ్యదూడ. వాన లేదు. అమ్మకు నొప్పి తగ్గింది. ఇంట్లో ఫోను వచ్చాక కూడా మానలేదు. "ఫోనులో మాట విని ఊరుకుంటావు, ఇదయితే దాచుకుంటావు" అనేవాడు.

ఎనభై ఎనిమిదేళ్లు బతికాడు. చివరి రెండేళ్లూ చెయ్యి వణికేది. ఆ కార్డులన్నీ ఆ సంచిలోనే ఉన్నాయి, ఈసారి వచ్చినప్పుడు విప్పి చూపిస్తాను. ఆఖరుదాంట్లో రాత కొక్కిరిబిక్కిరిగా ఉంది, సగం మాటలు నేనే పోల్చుకోవాలి. అడ్రసు వైపు మాత్రం ఊరి పేరు విడివిడిగా, పిన్‌కోడు ఆరంకెలూ గళ్లు దాటకుండా కుదురుగా ఉన్నాయి.

ఇట్లు,
మీ అవ్వ