ఏడవని కథకుడు: కొన్ని అపోహలు, వాస్తవాలు

అమలాపురంలో ఉండి కథల ప్రతులు పరిష్కరించే పని చేస్తున్నాను. ఆటిజం ఉన్న వ్యక్తి తన కథను తానే చెప్పుకునే రచనలు వచ్చినప్పుడు పాఠకులూ, తోటి సంపాదకులూ కొన్ని పొరపాటు అభిప్రాయాలతో వాటిని చదవడం చూస్తున్నాను.

అపోహ: కథకుడు బాధను చెప్పలేదంటే అతనికి బాధ లేనట్టే.

వాస్తవం: తన మనసులోని భావాన్ని గుర్తించి దానికి పేరు పెట్టడం కష్టమయ్యే స్థితిని అలెక్సితిమియా అంటారు. ఆటిజం ఉన్నవారిలో చాలామందికి అది ఉంటుంది, అందరికీ ఉండదు. ఉన్నవారికైనా పేరు పెట్టడమే కష్టం, అనుభవించడం కాదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ఊడ్చేసిన తుపాను నేపథ్యంగా నా దగ్గరికి వచ్చిన ఒక కథలో, మామ్మను పోగొట్టుకున్న పదమూడేళ్ల కుర్రవాడు మర్నాడు ఇలా చెబుతాడు: "పెరట్లో పదిహేడు కొబ్బరిచెట్లు పడ్డాయి. పద్దెనిమిదోది నిలబడే ఉంది. మామ్మ ఆవును కట్టేది దానికే. మూడుసార్లు లెక్కపెట్టాను. మూడుసార్లూ పదిహేడే." మొదటిసారే లెక్క తేలినప్పుడు మళ్లీ ఎందుకు లెక్కపెట్టాడని పాఠకుడు ఆగి ఆలోచించే చోటే దుఃఖం అతనికి అందుతుంది. రసాన్ని దాని పేరుతో చెప్పినంత మాత్రాన అది కలగదనీ, విభావాదుల ద్వారా, అంటే ఆ భావానికి కారణమయ్యేవాటి, దాన్ని పట్టిచ్చే చేష్టల ద్వారా స్ఫురించాలనీ 9వ శతాబ్దంలోనే ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో వాదించాడు కనుక, ఈ పద్ధతి మన సాహిత్యానికి పరాయిదేమీ కాదు.

అపోహ: పాఠకుడికి అర్థం కావాలంటే కథకుడు చెప్పకుండా వదిలిన ఖాళీని సంపాదకుడు పూరించాలి.

వాస్తవం: నేనూ ఆ పని చేశాను. కొబ్బరిచెట్ల గురించి కుర్రవాడు చెప్పిన ఆ మాటల చివర "గుండె బరువెక్కింది" అని చేర్చాను. స్వయంగా ఆటిజం ఉన్న ఆ రచయిత ప్రతి తిప్పి పంపుతూ, "ఈ బరువు మీదండీ, వాడిది కాదు" అని రాశారు. నా వాక్యం తీసేశాను.

అపోహ: ఖాళీని పాఠకుడు తన అనుభవంతో ఎలా పూరించుకున్నా అది సహానుభూతే.

వాస్తవం: పాఠంలోని ఖాళీలే పాఠకుడిని కథలోకి లాగుతాయని వివరించిన జర్మన్ సాహిత్య సిద్ధాంతకర్త వోల్ఫ్‌గాంగ్ ఈజర్ కూడా, ఆ పూరణకు దారి చూపేది పాఠమేనన్నారు. ఆటిజం ఉన్నవారికీ లేనివారికీ మధ్య అపార్థం రెండువైపులా ఉంటుందని, స్వయంగా ఆటిజం ఉన్న బ్రిటిష్ పరిశోధకుడు డామియన్ మిల్టన్ 2012లో ప్రతిపాదించారు. మా చదువరుల సమావేశంలో చాలామంది ఆ కుర్రవాడు దుఃఖాన్ని అణచుకున్నాడన్నారు. ఆటిజం ఉన్న ఒకావిడ మాత్రం, "అణచుకోవడం ఎక్కడుందండీ? అన్నిసార్లు లెక్కపెట్టాడు కదా" అని అడిగారు. అప్పటినుంచి ఇలాంటి ప్రతిని అచ్చుకు పంపేముందు ఆటిజం ఉన్న పాఠకులు ఇద్దరిచేతనైనా చదివిస్తున్నాను.