సెక్టార్, బ్లాక్, బైట్: కెర్నల్ లెక్కల్లో అపోహలు, వాస్తవాలు

అపోహ: అంతా 64 బిట్లే కదా, ఇక ఓవర్‌ఫ్లో (ఫలితం ఉన్న బిట్లలో పట్టకపోవడం) ఎక్కడిది?

వాస్తవం: కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) లోని ఫైల్‌సిస్టమ్ కోడ్, అంటే డిస్క్‌ను బ్లాకులుగా చూసి ఫైళ్లను అమర్చే కోడ్, చూసేవాళ్లం ఇప్పటికీ ఎక్కువగా పట్టుకునేది దీన్నే. బ్లాక్ నంబర్ 32 బిట్లది, బ్లాక్ సైజు 32 బిట్లది అనుకోండి. రెండింటినీ గుణించి 64 బిట్ల వేరియబుల్‌లో పెడితే సరిపోదు. గుణకారం 32 బిట్లలోనే జరిగిపోతుంది, పై బిట్లు రాలిపోయాక మిగిలిందే అందులోకి చేరుతుంది. గుణించక ముందే ఒకదాన్ని 64 బిట్లకు మార్చాలి.

ఇంతకంటే దొంగది ఇంకొకటి ఉంది. ఆఫ్‌సెట్‌ను (ఫైల్‌లో ఎన్నో బైట్ అనే లెక్కను) బ్లాక్ మొదటికి దించడానికి బ్లాక్ సైజు, అంటే 4096 లోంచి 1 తీసేసి, బిట్లన్నీ తిరగేసి, వచ్చిన మాస్క్‌తో ఆండ్ చేస్తాం. బ్లాక్ సైజు 32 బిట్ల అన్‌సైన్డ్ (మైనస్ విలువలు లేనిది) అయితే ఆ మాస్క్‌ను 64 బిట్లకు పెంచినప్పుడు పై సగమంతా సున్నాలే వస్తాయి. 5 జీబీ దగ్గర రాయాల్సింది 1 జీబీ దగ్గర రాస్తుంది! అదే సైన్డ్ అయితే పై సగం ఒకట్లతో నిండి, లెక్క సరిగ్గానే వస్తుంది. ఇలాంటి బగ్ వెనక నేను రెండు రోజులు తిరిగాను. క్రాష్ లేదు, లాగ్‌లో ఏమీ లేదు, చిన్న ఫైళ్లతో టెస్టులన్నీ పాస్. అప్పటి నుంచి 4 జీబీ దాటిన స్పార్స్ ఫైల్‌తో (రాయని భాగాలకు డిస్క్‌లో చోటు తీసుకోని ఫైలుతో) ఒక టెస్ట్ లేకపోతే నాకు నిద్ర పట్టదు. దానికి డిస్క్‌లో చోటు కూడా పెద్దగా అక్కర్లేదు.

అపోహ: సెక్టార్ అంటే ఆ డిస్క్ సెక్టార్.

వాస్తవం: లినక్స్‌లో సెక్టార్ నంబర్లకు వాడే టైపు సెక్టార్_టి ఎప్పుడూ 512 బైట్ల లెక్కే. డిస్క్ లాజికల్ బ్లాక్ 4096 బైట్లయినా అంతే. డిస్క్‌కు పంపేటప్పుడు డ్రైవర్ 8తో భాగిస్తుంది. పాత 2 టీబీ హద్దు పుట్టింది కూడా 32 బిట్ల నంబర్‌ను 512తో గుణించడం వల్లే. 32 బిట్ల యంత్రాల్లోనూ ఈ టైపును 64 బిట్లకు ఖాయం చేసింది 2019లో వచ్చిన లినక్స్ 5.2.

అపోహ: ఆఫ్‌సెట్ మైనస్‌లోకి పోదు, అన్‌సైన్డ్ పెడితే రెట్టింపు చోటు.

వాస్తవం: ఫైల్‌లో చోటు మార్చే ఎల్‌సీక్ అనే కాల్‌లో వెనక్కి జరగాలంటే మైనస్ కావాలి, తప్పు జరిగితే అది తిరిగి ఇచ్చేది -1. అందుకే ఆఫ్‌సెట్ల టైపు ఆఫ్_టి సైన్డ్, 32 బిట్ల రోజుల్లో ఫైలు 2 జీబీ దగ్గరే ఆగింది కూడా అందుకే.

అపోహ: సున్నా కూడా మామూలు బ్లాక్ నంబరే.

వాస్తవం: లినక్స్ ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ2లో ఐనోడ్‌లో (ఫైలు బ్లాకులు ఎక్కడున్నాయో రాసుకునే రికార్డులో) సున్నా అంటే 'ఇక్కడ బ్లాక్ లేదు, ఖాళీ' అని. బీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్‌ల బీమ్యాప్‌లో (ఫైల్ బ్లాక్‌కు డిస్క్ బ్లాక్ చెప్పే ఫంక్షన్‌లో) అదే మాటను -1తో చెబుతారు. ఒకదాని కోడ్ ఇంకోదానికి తెచ్చేటప్పుడు ముందు చూడాల్సింది ఇదే.

అపోహ: బ్లాక్ నంబర్లు డిస్క్ పొడవునా వరుసగా ఉంటాయి.

వాస్తవం: ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌లో నంబర్ పై బిట్లలో అలొకేషన్ గ్రూప్ (డిస్క్‌ను విడగొట్టిన పెద్ద ముక్క), కింది బిట్లలో ఆ గ్రూప్ లోపలి బ్లాక్ ఉంటాయి. గ్రూప్ సైజు 2 ఘాతం కాకపోతే నంబర్ల మధ్య ఖాళీలు వస్తాయి. బ్లాక్ నంబర్ బిట్లను నేరుగా షిఫ్ట్ చేసి (పక్కకు జరిపి) సెక్టార్ అనేసుకుంటే, మొదటి గ్రూప్‌లో మాత్రం జవాబు సరిగ్గానే వస్తుంది. తప్పు బయటపడేది రెండో గ్రూప్‌లోకి వెళ్లాకే.